పంపకానికి లొంగని డాడ్జి

తాతల ఆస్తి అంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చేవి పొలం, యిల్లు, కాస్త బంగారం. మహా అయితే ఒక భోషాణం పెట్టె, నాలుగు వెండి చెంబులు. వీటిలో ఏదయినా సరే, పంచుకోవడానికి ఒక పద్ధతి వున్నది. పొలానికి గట్లు వేస్తారు, యింటికి మధ్య గోడ పెడతారు, బంగారాన్ని తూకం వేస్తారు. చెంబులు సరిగ్గా రాకపోతే ఆడపడుచుకు ఒకటి ఎక్కువ వెడుతుంది, అంతే. కాని నాలుగు చక్రాల మీద నిలబడి వుండే ఆస్తిని ముగ్గురు అన్నదమ్ములు ఎలా పంచుకుంటారు? ఒకరికి యింజనూ, ఒకరికి చక్రాలూ, మిగిలినవాడికి హారనూనా?

యీ ప్రశ్న మా యింట్లో చాలా కాలంగా నానుతున్నది. మా అత్తవారి వూరు శంషాబాదు పక్కన కొత్వాల్‌గూడ. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మళ్ళీ అటువంటి ముప్పు రాకుండా నిజాం ప్రభుత్వం రెండు జలాశయాలు కట్టించింది గదా. వాటిలో రెండవది, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. దాని గాలి తగిలే వూరు మాది. వెనకటికి యిక్కడ మామిడి తోటలు, జామ తోటలు, కూరగాయల మళ్ళు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. అదే సంవత్సరం చివర ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్కను గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా తెరిచారు. అప్పటినుంచి మా పెరట్లో చింతచెట్టు కింద నిలబడితే నెత్తిమీద విమానాలు, చెవిలో లారీల రొద. యింత హడావిడి మధ్య, రేకుల షెడ్డులో, 1951 నాటి డాడ్జి కింగ్స్‌వే కారు ఒకటి కాపురం చేస్తున్నది. వూళ్ళో దానిని ఎవరూ డాడ్జి అనరు. బానెట్టు కొసన పొట్టేలు బొమ్మ వున్నది కాబట్టి అది ‘పొట్టేలు కారు’. డాడ్జి కంపెనీవారు యీ పొట్టేలును 1932 నుంచి తమ కార్ల నెత్తిన పెడుతూ వచ్చారుట. అమెరికాలో అది బలానికి గుర్తు కావచ్చు. మా వూళ్ళో మాత్రం దానిని చూసి కొత్తగా వచ్చిన పిల్లలు “యీళ్ళు గొర్ల వ్యాపారమా?” అని అడుగుతారు.

అమెరికా కారు కొత్వాల్‌గూడకు ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. అసలు మన దేశానికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి, విడి భాగాలు ఓడలో తెప్పించి షెవర్లె కార్లు బిగించి అమ్మేవారు. ఫోర్డు వారూ అంతే. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. అమెరికాలోని క్రైస్లర్ కంపెనీతో పొత్తు కుదుర్చుకుని, బొంబాయి కుర్లాలో 1947 నుంచి డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లు బిగించడం మొదలుపెట్టారు. తరువాత మన ప్రభుత్వం, దేశంలోనే భాగాలు తయారు చేసే పథకం వున్న కంపెనీలకే చోటు, వూరికే బిగించి అమ్మేవారికి కాదు, అని 1953లో గట్టిగా చెప్పింది. 1954 నాటికి ఫోర్డూ, జనరల్ మోటార్సూ సామాను సర్దుకున్నాయి. దిగుమతులకు తలుపు మూసుకున్నది. ఆ తరువాత మూడు దశాబ్దాలు సంసారి పక్షం వారికి అంబాసిడరు, ఫియటు, స్టాండర్డు, యీ మూడే దిక్కు. అంచేత అప్పటికే దేశంలో వున్న అమెరికా కార్లను పారేయడానికి వీలు లేకపోయింది. అతుకు వేసి, కుట్టు వేసి, పాత చీరను బొంతగా మార్చినట్టు వాడుకున్నారు. యిన్ని పాత అమెరికా కార్లు మన దేశంలో మిగలడానికి కారణం మన సరదా అని నేను అనుకోను. మన లేమి.

మా మామగారి తండ్రి 1958లో దీనిని హైదరాబాదులో ఒక కంట్రాక్టరు దగ్గర పాతదిగా కొన్నారు. కొన్నది సరదాకు కాదు. తోటలోని మామిడిపండ్లను మార్కెట్టుకు చేర్చడానికి! వెనుక సీటు వూడదీస్తే పది గంపలు పట్టేవిట. మిగతా రోజులలో కుటుంబమంతా ఎక్కేది. ముందు సీటు బల్లలాగ ఒకే పలక, గేరు కర్ర నేలమీద కాకుండా స్టీరింగుకు తగిలించి వుంటుంది. అందువల్ల ముందు ముగ్గురు పెద్దలు, వెనుక నలుగురు, ఒళ్ళో పిల్లలు. 1993లో నేను కృష్ణాజిల్లా నుంచి కోడలుగా వచ్చినప్పుడు, గుమ్మంలో నాకు మొదట ఎదురైన పెద్దమనిషి ఆ కారే. దానికీ హారతి యిచ్చారు. మా వైపు ఎడ్లకు యిస్తారు గనుక నాకు వింత అనిపించలేదు.

యిక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్పాలి. పాత కార్లంటే హైదరాబాదులో అందరూ నిజాం కార్ల కథ ఎత్తుతారు. చౌమహల్లా ప్యాలెసులోని రోల్స్ రాయిస్ చూసే వుంటారు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ప్యాకార్డు అనే అమెరికా కారు కూడా వున్నది. కాని అద్దాల వెనుక మెరుస్తున్న వాటికంటె నాకు ఎక్కువ మనసుకు పట్టిన సంగతి వేరు. 1967లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం చేశారు. వారసుడు మనుమడు ముకర్రం జా. ఆయన స్వయంగా యింజన్లు విప్పి బిగించే సరదా గలవాడు. ఆయన వెళ్ళి గ్యారేజీ తనిఖీ చేస్తే, 60 కార్లకు పెట్రోలు ఖర్చూ, సామాను ఖర్చూ ఏటా రాస్తున్నారు గాని, నడిచే స్థితిలో వున్నవి నాలుగే తేలాయిట! నిజాం వంశ చరిత్ర రాసినవారు చెప్పిన మాట యిది. అంత సంపద, అంతమంది నౌకర్లు వుండీ 56 కార్లు గ్యారేజీలోనే పండుకున్నాయి. జీతం తీసుకునేవాడు లెక్క రాస్తాడు. కారు నడవకపోతే తన తోట మామిడి కుళ్ళిపోతుందనుకునేవాడు మాత్రమే దానిని నడిపిస్తాడు.

మా యింట లెక్కలు రాసింది అత్తగారు. 1968లో ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి బౌండు పుస్తకాలలో పాలు, పప్పు, చాకలి పద్దులతో బాటు కారు పద్దు కూడా వుండేది. ‘చింతపండు 2 శేర్లు, కారుకు గ్రీసు, చిన్నోడికి చెప్పులు’ అన్నీ ఒకే వరుసలో. ఆవిడ చదివింది అయిదవ తరగతి. కారు భాగాలకు తనకు తోచిన పేర్లు పెట్టుకున్నది. రేడియేటరు ‘నీళ్ళ జల్లెడ’. కార్బురేటరు ‘ముక్కు’. క్లచ్చి పలక ‘అప్పచ్చి’. యీ పుస్తకాలే తరువాత మమ్మల్ని ఎలా ఆదుకున్నాయో చెబుతాను.

1973 చివర ప్రపంచమంతటా చమురు ధర ఎగిరింది. మూడున్నర లీటర్లకు పైబడిన ఆరు సిలిండర్ల పెట్రోలు యింజను, గాలనుకు పదిహేను మైళ్ళు యిచ్చే బండి, మామిడి గంపలు మోయడం గిట్టుబాటు అవుతుందా? దేశమంతటా యిటువంటి కార్లకు పెట్రోలు యింజను పీకి, డీజిలు యింజను పెట్టించారు. మా తాతగారూ 1974లో అదే చేశారు. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు తయారుచేసే పెర్కిన్స్ డీజిలు యింజను పాతది ఒకటి తెచ్చి పాతబస్తీ ఉస్తాదు ఒకాయన అమర్చాడు. అమర్చేటప్పుడు ఛాసీని కోయలేదు, వెల్డింగు చేయలేదు. అడ్డంగా యినుప పలకలు పెట్టి, బోల్టులతో బిగించాడు. “రేపు మీ మనసు మారితే?” అన్నాడుట. విప్పిన పెట్రోలు యింజనును కొనడానికి తుక్కు వ్యాపారి వచ్చి తూకపు రాయి కూడా దింపాడు. అత్తగారు అడ్డం పడ్డది. “పుట్టినప్పుడు వచ్చిన గుండెకాయ. దాన్ని తుక్కుల అమ్ముతరా?” అని. సిలిండర్లలో నూనె పోసి, గ్రీసు పూసి, గోనెపట్టాలు చుట్టి షెడ్డులో ఒక మూల పెట్టించింది. ఆ మూల 48 సంవత్సరాలు అట్లాగే వున్నది. దానిమీద కోళ్ళ గంపలు పెట్టుకున్నాం.

ఆ షెడ్డు నిలబడడం కూడా ఒక అదృష్టమే. 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో జారీ చేసి, రెండు జలాశయాల నీరు చెడకుండా చుట్టూ పది కిలోమీటర్ల లోపు కట్టడాలకు కట్టుబాట్లు పెట్టింది. 84 గ్రామాలకు వర్తించిన వుత్తరువు అది. పొలాలు అమ్ముకోలేకపోయామని తిట్టుకున్నవాళ్ళు చాలామంది. మా షెడ్డు మీద మాత్రం ఎవరి కన్నూ పడలేదు. 2022 ఏప్రిల్‌లో ఆ కట్టుబాట్లు సడలించారు. అంతే, రియల్ ఎస్టేటు వాళ్ళు గేటు దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికి రావడం మొదలు. పంపకం మాట యింట్లో లేచింది కూడా అప్పుడే.

మా ఆయన ముగ్గురిలో నడిమివాడు, వూళ్ళోనే వుంటాం. బావగారు మెహదీపట్నంలో, మరిది అమెరికాలో న్యూజెర్సీలో. నేల పంపకం రెండు పూటల్లో తేలిపోయింది. కారు దగ్గర ఆగింది. వివాహాల వూరేగింపుకు అద్దెకిచ్చే ఆసామి ఒకరు బేరం పెట్టారు. హైవే పక్క రిసార్టు వారొకరు, యింజను అక్కరలేదు, గేటు దగ్గర పూలకుండీల మధ్య నిలబెడతామన్నారు. మామగారు ఆ మాట విని అన్నం ముందునుంచి లేచిపోయారు.

బావగారు చట్టం చదివి వచ్చారు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 సంవత్సరాలు దాటిన స్కూటర్లూ, కార్లూ ‘వింటేజి’ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. పూర్వమే నంబరు వున్నవి పాత నంబరు వుంచుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుబాటు. తరువాత 5,000 చెల్లించి అయిదేళ్ళకు పొడిగింపు. యింతవరకు బాగానే వున్నది. మెలిక రెండు చోట్ల. ఒకటి, ఛాసీ గాని, బాడీ గాని, యింజను గాని గణనీయంగా మార్చి వుండకూడదు. రెండోది, అలా నమోదయిన కారును రోజువారీ పనికి రోడ్డు మీదికి తేకూడదు. ప్రదర్శనకు, పాత కార్ల ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే.

మొదటి మెలిక గురించి ఎవరికీ దిగులు లేదు. గుండెకాయ షెడ్డులోనే వున్నది గదా! రెండోదే యింటిని రెండుగా చీల్చింది. ప్రతి శ్రీరామనవమికీ ఆ కారు నర్కూడలోని అమ్మపల్లి రామాలయానికి వెళ్ళాలి. తాతగారి నాటినుంచి ఆనవాయితీ. “దేవుని దగ్గరికి పోవడం ప్రదర్శన కిందికి వస్తదా?” అని మామగారు అడిగారు. బావగారు మాట్లాడలేదు. “మరి ముసలోణ్ణి మంచంల పండబెట్టి, ఫోటో దిగేటప్పుడే లేపినట్టు వుంటది నాయనా” అన్నారు ఆయన. బావగారి భయమూ తీసిపారేసేది కాదు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లనూ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లనూ రోడ్డెక్కనివ్వకుండా కోర్టులు ఆదేశించాయి. మన దగ్గర అటువంటిది లేకపోయినా, రేపు వస్తే వింటేజి కాగితం వున్న కారు దక్కుతుంది, లేనిది తుక్కుకు పోతుంది అని ఆయన వాదం. ఇద్దరిదీ ప్రేమే. ఒకరు కారు బతకాలంటారు, ఒకరు కారు నడవాలంటారు.

ఏ దారి పట్టినా, ముందు పాత యింజను ఎక్కించాలి అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. 1974లో డీజిలు అమర్చిన ఉస్తాదు లేరు. ఆయన కొడుకు వచ్చాడు. ఆయనకూ అరవై దాటాయి. గోనెపట్టాలు విప్పి, యింజను చుట్టూ ఒకసారి తిరిగి, మామగారితో “పటేల్ సాబ్, దీన్ని దాచిపెట్టిన తల్లికి సలాం” అన్నాడు.

పిస్టన్లు బిగుసుకుపోయి వున్నాయి. సుత్తి తీయలేదు. డీజిలు, కిరసనాయిలు కలిపి ప్రతి సిలిండరులోనూ పోసి పదకొండు రోజులు నానబెట్టాడు. పన్నెండో రోజున పొడుగాటి పానాతో నెమ్మదిగా నొక్కితే వెంట్రుకవాసి కదిలింది. ఆ పూట మా యింట్లో పాయసం. యీ పాత యింజను ఒక విధంగా ఆడవాళ్ళకు అర్థమయ్యే వస్తువు. వాల్వులన్నీ పక్కన, దిమ్మలోనే వుంటాయి. పైన వున్నది వుత్త మూత. ఆ మూత తీస్తే, కుండ మీద మూకుడు తీసినట్టు లోపలిదంతా కనిపిస్తుంది.

కనిపించనిది ఒకటి వున్నది. యింజను దిమ్మ లోపల, నీటి పంపు వెనుక, మూరెడు పొడుగున ఒక గొట్టం దాగి వుంటుంది. రేడియేటరు నుంచి వచ్చిన చల్లని నీటిని అన్ని వాల్వులకూ సమానంగా పంచడం దాని పని. అది తుప్పు పట్టి చివికిపోతే నీరంతా ముందు సిలిండర్ల దగ్గరే తిరిగి, వెనుక సిలిండర్లు మాడిపోతాయి. కారు పైకి బాగానే వుంటుంది, లోపల కాలిపోతూ వుంటుంది. అనుభవం లేని మెకానిక్కుకు ఆ గొట్టం ఒకటి వున్నదనే తెలియదు. ఉస్తాదు తండ్రి చెప్పివుండబట్టి ఆయన కొక్కెం పెట్టి లాగాడు. చేతికి వచ్చింది ఎర్రటి పొట్టు.

రాణీగంజ్ వెతికాం. మద్రాసు పుదుపేట వెతికించాం. విజయవాడ ఆటోనగర్‌లో మా పుట్టింటివారి ద్వారా అడిగితే, నమూనా వుంటే యిత్తడి రేకుతో చేసిస్తామన్నారు. నమూనాయే పొట్టు అయిపోయింది గదా! అప్పుడు మరిది రంగంలోకి దిగాడు. పెన్సిల్వేనియాలో హెర్షీ అనే వూరున్నది, చాక్లెట్లకు పేరు పొందింది. అక్కడ ప్రతి అక్టోబరులో పాత కార్ల సంఘం వారి పెద్ద సంత జరుగుతుంది. మన ఎడ్ల సంత లాంటిదేననీ, ఎడ్ల బదులు బంపర్లు, హెడ్‌లైట్లు వుంటాయనీ మరిది ఫోనులో చెప్పాడు. అక్కడ ‘డాడ్జి కింగ్స్‌వే’ సామాను కావాలంటే చాలామంది తెల్లబోయారుట. కారణం తరువాత తెలిసింది. యీ కారును అమెరికాలో అమ్మనేలేదు! అక్కడ ప్లిమత్ అనే పేరుతో అమ్మే కారుకే డాడ్జి ముఖం తగిలించి, విదేశాలకోసం కింగ్స్‌వే అని నామకరణం చేశారు. పుట్టింటివారికే తెలియని పేరుతో అత్తింట పెరిగిన పిల్ల అన్నమాట. ‘ప్లిమత్’ అని అడగ్గానే గొట్టం దొరికింది.

దానిని పెట్టెలో పెట్టుకుని మరిది శంషాబాదులో దిగాడు. పిల్లనగ్రోవిని బల్లపరుపుగా నొక్కినట్టు, ఒక పక్క వరుసగా బెజ్జాలు. విమానాశ్రయంలో అధికారి అటూ యిటూ తిప్పి చూసి ఏమిటని అడిగాడుట. “మా నాయన కారుది” అన్నాడు మరిది. విమానం దిగిన చోటినుంచి మా షెడ్డుకు కారులో అరగంట కూడా పట్టదు.

అటు పని జరుగుతుండగా చిన్న చిన్న గండాలు వచ్చాయి. యీ కారు బ్యాటరీ ఆరు వోల్టులది. పైగా అన్ని కార్లకూ నెగటివు తీగ బాడీకి తగిలిస్తే దీనికి పాజిటివు తగిలించాలి. నగరంలో ఒక దుకాణం కుర్రాడు వచ్చి, అడిగేవాళ్ళు లేని సమయం చూసి అలవాటు ప్రకారం తగిలించాడు. కాలిన వైర్ల వాసన వంటింటిదాకా వచ్చింది. యింకొకటి, చక్రాల బోల్టులు. కుడివైపు చక్రాలవి లోకంలో అన్ని బోల్టుల లాగే విప్పాలి. ఎడమవైపువి తలకిందుల మర. బిగించే వైపు తిప్పితే వూడతాయి. చక్రం తిరుగుడుకు బోల్టు సడలకుండా క్రైస్లర్ వారు పెట్టిన ఏర్పాటు అది. తెలియనివాడు పానా మీద ఎక్కి తొక్కితే బోల్టు తెగుతుంది. అందుకే ఉస్తాదు ఎడమవైపు చక్రాల మీద సున్నంతో ‘వుల్టా’ అని తెలుగులోనే రాసి పెట్టాడు.

2023 జనవరిలో, మూలపడిన 49వ ఏట, యింజను మళ్ళీ పలికింది. డీజిలు చేసే డబడబలు విని పెరిగిన పిల్లలకు అది నడుస్తున్నట్టే తోచలేదు. అంత మెత్తన. మామగారు మాత్రం కళ్ళు మూసుకుని విన్నారు.

కాగితాల పని యింతకంటె కష్టం. యింజను మార్చినప్పుడు రిజిస్ట్రేషను పుస్తకంలో రాయించాలి. 1974లో డీజిలు అని రాయించారు. యిప్పుడు మళ్ళీ పెట్రోలు అని రాయించాలంటే, యీ యింజను దాని సొంతదేనని చూపించాలి. అత్తగారి పద్దు పుస్తకం అప్పుడు అక్కరకు వచ్చింది. 1974 పుస్తకంలో ఒక పేజీలో ఆవిడ గుండ్రటి అక్షరాలతో, ‘పెట్రోలు ఇంజిను విప్పినరు, నంబరు’ అని, అంకెలన్నీ ఎత్తి రాసి వున్నాయి. దిమ్మ మీద చెక్కిన అంకెలతో ఒక్కటీ తప్పలేదు. ఎందుకు రాసుకున్నారని అడిగితే, “తుక్కోడు మార్చి యిచ్చిపోతే?” అన్నది. అధికారులు ఆ పుస్తకాన్ని సాక్ష్యంగా ఎంతవరకు లెక్కలోకి తీసుకున్నారో గాని, చూసినవారందరూ మరో రెండు పేజీలు తిప్పి, ఆనాటి ధరలు చదివి నిట్టూర్చారు.

యిక పెట్రోలు. సీసం లేని పెట్రోలు పాత యింజన్లకు హాని అని మనవాళ్ళు 2000 సంవత్సరంలో, సీసం కలపడం దేశమంతటా ఆపినప్పుడు, చాలా భయపడ్డారు. మా కారుకు ఆ భయం లేదు. ఎగ్జాస్టు వాల్వులు కూర్చునే చోట ఫ్యాక్టరీలోనే గట్టి లోహపు రింగులు బిగించారు. అసలు చిక్కు యిప్పటిది. 2025 నాటికి బంకులలో దొరికే పెట్రోలులో నూటికి యిరవై పాళ్ళు ఇథనాలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న తుప్పును కడిగి కార్బురేటరులోకి తెస్తుంది. అత్తగారి భాషలో ముక్కు దిబ్బడ. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన కారుకు యిది మరీ ప్రమాదం. మేము గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునేవి వేయించాం. ట్యాంకు నిండా ఎప్పుడూ పోయించం. ప్రతి ఆదివారమూ స్టార్టు చేసి యింజను వేడెక్కేదాకా నడుపుతాం. యింట్లో పాత కారు పెట్టుకున్నవారెవరైనా యిది చదువుతుంటే, గుడ్డ కప్పి దాచడం కంటె యీ ఆదివారపు చాకిరీ మేలని నా అనుభవం మీద చెబుతున్నాను.

పంపకం సంగతి మిగిలింది. 2024లో ఒక సాయంకాలం మామగారు ముగ్గురు కొడుకులనూ కూర్చోబెట్టారు. మరిది ఫోనులోనే. “నాకు ఎనభై దాటినయి. నేను వున్నన్ని దినాలు అది మామూలు బండి. అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంట. నవమికి గుడికి పోతది. నా తరువాత మీరు వింటేజి చేసుకుంటరో, ఏం చేసుకుంటరో మీ యిష్టం. కని అమ్మాలంటే ముగ్గురూ దస్తకతు పెట్టాలె.” బావగారు కాసేపు వూరుకుని, వింటేజి దరఖాస్తు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. “పొడిగింపు ఫీజు నేను కడతా” అన్నారు. షెడ్డు వున్న నేల మా వాటాలోకి వచ్చింది కాబట్టి అద్దె లేకుండా అక్కడే వుండాలని రాసుకున్నాం. విడి భాగాలు మరిది బాధ్యత. పద్దు పుస్తకం నాకు అప్పగించారు. దస్తావేజులో యిదంతా ఒక పేరా పట్టింది. రాసిన వకీలుగారు కారును స్థిరాస్తి కింద రాయాలా, చరాస్తి కింద రాయాలా అని నవ్వారు.

2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి. కారు అమ్మపల్లికి వెళ్ళింది. డీజిలు కాకుండా తన సొంత యింజనుతో గుడికి వెళ్ళడం 1973 తరువాత అదే మొదలు అని అత్తగారు లెక్క చెప్పింది. మామగారికి చూపు ఆనదు కనుక ఆయన నడపలేదు. ముందు సీటులో కిటికీ పక్కన కూర్చున్నారు. మా ఆయన నడిపారు. మధ్యలో అత్తగారు. వెనుక బావగారూ, తోడికోడలూ, నేనూ, ఒళ్ళో మనుమరాలు. గేటు దాటేటప్పుడు ఔటర్ పక్క సర్వీసు రోడ్డు మీద ఒక పెద్ద కారువాడు ఆపి, దారి యిచ్చి, ఫోటో తీసుకున్నాడు. గుడి దగ్గర ఏదో సినిమా షూటింగు వాళ్ళు వచ్చి అద్దె ఎంత అని అడిగారు. మామగారు వినిపించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బ్రేకు పెడలు కొంచెం లోతుకు పోతున్నదని మా ఆయన అన్నారు. ముందు చక్రాలకు ఒక్కొక్కదానికీ రెండేసి బ్రేకు సిలిండర్లు. నాలుగింటిలో ఒకటి చెమ్మగిల్లింది. ఉస్తాదు విప్పి చూసి, వాచర్లు ఆరు నెలలు ఆగుతాయన్నాడు. హెర్షీ సంత అక్టోబరులో. మరిదికి జాబితా పంపాను. బ్రేకు వాచర్ల సెట్లు నాలుగు, ముందు రబ్బరు గొట్టాలు రెండు, కుడి తలుపు అద్దం పక్కన వేసే ఫెల్టు పట్టీ పన్నెండు అడుగులు. చివర అత్తగారు చెప్పి రాయించినది ఒకటి వున్నది. మోకాళ్ళకు పూసుకునే మందు, కిందటిసారి తెచ్చినదే.